ముందు షాకబ్జర్లు మార్చాలా? ముందు జబ్బేదో చూడండి

ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలికి రోజూ బండి మీద తిరిగేవాళ్లకు ముందు షాకబ్జర్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే రోడ్డు ఎలా ఉంటుందో మణికట్లే చెబుతాయి. రెండేళ్లు తిరిగేసరికి "ఈ ఫోర్క్ (ముందు షాకబ్జర్ల జత) పీకేసి లావు పైపులది వేయిద్దాం" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. డబ్బు ఖర్చయ్యాక గానీ తెలియలేదు, నా బండి జబ్బొకటి, నేను కొన్న మందు ఇంకొకటి అని.

ఒకదానిలో ఒకటి జారే పైపులుండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్‌లో బరువు మోసేది స్ప్రింగ్. నొక్కుకున్న స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగరకుండా పట్టి ఉంచేది ఆయిల్. బరువుకు కుంగిన బండికి చిక్కటి ఆయిల్ పోయడం, ఊగే బండికి గట్టి స్ప్రింగ్ వేయడం, మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాట్లు ఈ రెండే.

స్పానర్ పట్టే ముందు ఒక కొలత

ఫోర్క్ పైపుకి సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పైన ఒక ప్లాస్టిక్ ట్యాగ్ బిగించండి. డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేచేలా వెనక ఒకరిని నొక్కమని, బయటికి కనిపించే పైపు పొడవు కొలవండి. తర్వాత బండి దించి, మీరు రోజూ ఎలా వెళతారో అలాగే, హెల్మెట్‌తో, సంచితో కూర్చోండి. ఇంకొకరు మళ్లీ అదే కొలవాలి. రెండింటి తేడా మీ బరువుకు ఫోర్క్ కుంగిన లెక్క. మొత్తం 130 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న ఫోర్క్ 35 నుంచి 40 మిల్లీమీటర్లు కుంగితే స్ప్రింగ్ సరిపోయినట్టే. 50 దాటితే మీ బరువుకు స్ప్రింగ్ చాలడం లేదు. 25 కూడా రాకపోతే ఎక్కువైంది.

ఈ కొలత రెండుసార్లు తీయండి. ఒకసారి ముందు భాగం నొక్కి నెమ్మదిగా వదిలాక, ఇంకోసారి పైకెత్తి నెమ్మదిగా వదిలాక. రెండింటికీ తేడా బాగా వస్తే లోపల ఎక్కడో పట్టేస్తోంది. పైపు వంగి ఉండొచ్చు, యాక్సిల్ తిన్నగా లేకపోవచ్చు. ఆ సంగతి తేలకుండా కొత్త స్ప్రింగులు కొనడం దండగ.

బ్రేక్ పట్టగానే ముక్కు కిందికి దిగిపోతోంది, గుంతలో 'టక్' మని తగులుతోంది

ట్యాగ్‌ని కిందికి, సీల్ దాకా జరిపి ఒక రోజు తిరగండి. సాయంత్రానికి అది పైపు చివరి దాకా ఎక్కి ఉంటే ఫోర్క్ ఆట మొత్తం అయిపోతున్నట్టు. కుంగిన కొలత సరిగానే ఉండి ఇలా జరిగితే ఆయిల్ తగ్గింది, లేదా పాడైంది. ఇంజిన్ ఆయిల్ మార్చినంత శ్రద్ధగా ఫోర్క్ ఆయిల్ మార్చేవాళ్లు అరుదు. నా బండిలోంచి తీసినప్పుడు బూడిద రంగులో, బురదనీళ్లలా వచ్చింది. రోహిణి కార్తె మధ్యాహ్నం మెత్తబడి, తెల్లవారుజామున బాగుండే ఫోర్క్‌కి కూడా కారణం ఆయిలే. వేడికి పలచబడుతుంది.

ఆయిల్ పోసేటప్పుడు మిల్లీలీటర్ల లెక్కతో ఆగిపోవద్దు. పాత ఆయిల్ లోపల కొంత మిగులుతుంది కాబట్టి ఫోర్క్ రెండు వైపులకీ తేడా వస్తుంది. స్ప్రింగ్ బయటికి తీసి, పైపుని పూర్తిగా కిందికి దించి, గాలి పోయేలా పది సార్లు పైకీ కిందికీ ఆడించి, కాసేపు ఆగి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం ఎంత కిందుందో స్కేలుతో కొలవాలి. మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అంత, రెండు వైపులా సమానంగా. మట్టం 10 మిల్లీమీటర్లు పెంచినా ఆట చివర్లో గట్టిపడుతుంది, ఎందుకంటే పైన మిగిలిన గాలి తగ్గి అదే ఒక స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. మరీ పెంచితే ఆ ఒత్తిడి సీల్ మీద పడుతుంది.

కుంగిన కొలతే ఎక్కువగా ఉంటే అప్పుడు స్ప్రింగ్ సంగతి. స్ప్రింగ్ పైన 10, 15 మిల్లీమీటర్ల పైపు ముక్క వేయడం చవక వైద్యం. వేయండి, కానీ ఒకటి గుర్తుంచుకోండి: దానివల్ల బండి ముక్కు లేస్తుంది తప్ప స్ప్రింగ్ గట్టిపడదు. పొడవాటి ముక్క వేస్తే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఫోర్క్ మధ్యలోనే ఆగిపోతుంది. వెనక ఇద్దరిని ఎక్కించుకునేవాళ్లు, పాల క్యాన్లు, మేత బస్తాలు వేసేవాళ్లు ముక్కలతో సరిపెట్టకుండా గట్టి స్ప్రింగులే వేసుకోవాలి. పై మూత విప్పేటప్పుడు ముందు చక్రం గాల్లో ఉండాలి, ముఖం పక్కకు ఉండాలి. లేదంటే స్ప్రింగ్ మూతతో సహా గడ్డానికి తగులుతుంది.

బ్రేక్‌కి దిగిపోతుంది, చిన్న గతుక్కి మాత్రం మణికట్టు అదురుతుంది

నా బండి జబ్బు ఇదే. ఒకే ఫోర్క్ మెత్తగానూ గట్టిగానూ ఎలా ఉంటుందని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మా ఊళ్లో ఒక మెకానిక్‌కి చూపిస్తే "ఆయిల్ పలచగా ఉందన్నా" అని ఇంజిన్‌లో పోసే చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోశాడు. రెండు రోజులు బ్రేక్ బాగుంది. మూడో రోజు సిమెంట్ రోడ్డు అతుకుల మీద చేతులు తిమ్మిరెక్కాయి.

ఫోర్క్ లోపల డంపర్ రాడ్ అని ఒకటి ఉంటుంది, దానికి రంధ్రాలు. ఆయిల్ వాటిలోంచి దూరి వెళ్లాలి. రంధ్రం పెరగదు, తగ్గదు. ఫోర్క్ కదిలే వేగం రెండింతలైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. బ్రేక్ పట్టినప్పుడు ఫోర్క్ నెమ్మదిగా కుంగుతుంది, ఆయిల్ హాయిగా దూరిపోతుంది, అడ్డు లేదు. గతుకు అంచు తగిలినప్పుడు ఫోర్క్ విసురుగా కదలాలి. అంత ఆయిల్ అంత చిన్న రంధ్రంలో దూరలేదు కాబట్టి ఫోర్క్ కడ్డీలా బిగుసుకుంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటిది కాస్త బాగుపడి రెండోది పూర్తిగా చెడుతుంది.

చేయాల్సిన వరుస ఇది. ముందు టైరు గాలి చూడండి, కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ కొట్టించి షాకబ్జర్లను తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత కంపెనీ చెప్పిన ఫోర్క్ ఆయిలే మళ్లీ పోయండి. డబ్బా మీద 10డబ్ల్యూ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీలదీ ఒకే చిక్కదనం కాదు. 40 డిగ్రీల దగ్గర సెంటిస్టోక్ (చిక్కదనం కొలత) ఎంతో చూసి పోల్చుకోవాలి. దిగిపోవడాన్ని స్ప్రింగ్‌తో అదుపు చేయండి, ఆయిల్‌తో కాదు.

ఇంతా చేసి ఇంకా కావాలంటే ఎమ్యులేటర్. డంపర్ రాడ్ నెత్తిన, స్ప్రింగ్ కింద కూర్చునే చిన్న వాల్వ్ అది. గతుకు విసురుకి తెరుచుకుంటుంది, బ్రేక్ నెమ్మదికి మూసుకుని ఉంటుంది. దాన్ని వేసేటప్పుడు రాడ్‌లోని కింది రంధ్రాలను పెద్దవి చేయాలి. లేదంటే పాత అడ్డే మిగిలి, కొత్త వాల్వ్ ఉత్త బరువవుతుంది. వాల్వ్ ఎత్తు ఎంతో స్ప్రింగ్ పైనుండే పైపు ముక్కను అంత కోయాలి. రంధ్రం వేశాక వెనక్కి తీసుకోలేం కాబట్టి ఈ పని తెలిసిన చేతికే ఇవ్వండి. పైపు లోపలి కొలత తీయకుండా వాల్వ్ కొనొద్దు.

సీల్ దగ్గర ఆయిల్ కారుతోంది

కొత్తపట్నం, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలే. ఉప్పు నీళ్లు ఎండి క్రోమ్ మీద చుక్కలు చుక్కలుగా తుప్పు లేపుతాయి. ఆ చుక్క సీల్ పెదవిని బ్లేడులా కోస్తుంది. వరసగా మూడు సీళ్లు మార్చినా నెల తిరక్కుండా కారుతుంటే తప్పు సీల్‌ది కాదు. పైపు మీద గోరుతో నిమిరి చూడండి, తగిలితే పైపుదే. సీల్ ఆడే చోట గుంటలు పడితే హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమ్ పూత) చేయించాలి, లేదా పైపే మార్చాలి.

పైపు నున్నగా ఉండీ కొద్దిగా కారుతుంటే మాత్రం తొందరపడొద్దు. డస్ట్ సీల్ (దుమ్ము ఆపే పై రింగు) పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క కోసి, సీల్‌కీ పైపుకీ మధ్య చుట్టూ ఒకసారి తిప్పితే లోపల ఇరుక్కున్న ఇసుక రేణువు బయటికొస్తుంది. చాలా లీకులు దీనితోనే ఆగిపోతాయి. వాటర్ సర్వీసింగ్‌లో గన్ నేరుగా సీల్ మీద కొట్టనివ్వకండి. ఆయిల్ బ్రేక్ డిస్క్ మీదికి జారిందంటే ఆ రోజు బండి తీయొద్దు.

బ్రేక్ పట్టినప్పుడు హ్యాండిల్ దగ్గర 'కటక్' మంటోంది

ఇది చాలాసార్లు ఫోర్క్ కాదు, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. ముందు చక్రం పైకి లేపి, ఫోర్క్ కింది చివరలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే వదులు తెలుస్తుంది. హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో ఒక చోట గాడిలో పడినట్టు ఆగితే బిగించి లాభం లేదు, కొత్తది వేయాలి. మీ బండికి టేపర్ రోలర్ బేరింగ్ దొరికితే అదే వేయించండి. నా లెక్కలో ముందు భాగానికి పెట్టే డబ్బులో అంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు.

పడ్డాక హ్యాండిల్ వంకరగా ఉంది

పైపులు వంగాయని కంగారు పడకండి, క్లాంపుల్లో (పైపులను పట్టి ఉంచే బిగింపుల్లో) మెలి తిరిగి ఉండొచ్చు. కింది క్లాంపు, మడ్‌గార్డు, యాక్సిల్ బోల్టులు వదులు చేసి, చక్రం తిన్నగా పెట్టి, నాలుగుసార్లు ఫోర్క్ నొక్కి బిగించండి. అప్పటికీ కుదరకపోతే పైపు విప్పి గాజు పలక మీద దొర్లించండి. వంకర ఉంటే కంటికే కనబడుతుంది.

యూఎస్‌డీ ఫోర్క్ వేశాక వేగంలో హ్యాండిల్ వణుకుతోంది

యూఎస్‌డీ అంటే లావు పైపు పైన, సన్నది కింద ఉండే తలకిందుల ఫోర్క్. వేరే బండి ఫోర్క్ పొడవూ, టీ (పైపులను బండికి పట్టి ఉంచే క్లాంపు) కొలతా వేరు. ముందు భాగం కిందికి దిగితే ట్రెయిల్ (హ్యాండిల్ ఇరుసు గీత నేలను తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం) తగ్గి, నేషనల్ హైవే ఎక్కగానే హ్యాండిల్ తేలిపోతుంది. క్లాంపుల్లో పైపు జరిపి, పాత ఫోర్క్‌తో ఉన్న ఎత్తుకే తేవాలి. చక్రం, బ్రేక్, స్పీడోమీటర్ సెన్సార్ ఖర్చులూ లెక్కేసుకోండి. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడగండి. ఈ రకంలో సీల్ కింద ఉంటుంది. లీకైతే ఆయిల్ తిన్నగా కాలిపర్ (డిస్క్‌ని పట్టే బ్రేక్ భాగం) వైపు దిగుతుంది. వేయించుకున్నవాళ్లు వారానికోసారి కింద వేలు పెట్టి చూసుకోవాలి.