స్కాట్స్ మాటల మూలాలు – 4వ పాఠం: గ్లామర్

సినిమా పేజీల్లో రోజూ కనబడే ‘గ్లామర్’ స్కాట్లాండ్‌లోని స్కాట్స్ భాష నుంచి వచ్చిన మాట. అక్కడ దాని తొలి అర్థం అందం కాదు, కనికట్టు. గత పాఠంలో ఒక మాట ప్రయోగాలను, అంటే అది వాడిన వాక్యాలను, తేదీల వారీగా పేర్చడం నేర్చుకున్నాం కదా, ఇప్పుడు ఈ మాటను అలాగే పేర్చి చూద్దాం.

ముందు ‘డిక్షనరీ ఆఫ్ ది స్కాట్స్ లాంగ్వేజ్’ తెరవండి. ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో 1700 వరకూ ఒక నిఘంటువు, ఆ తర్వాతి భాషకు మరొకటి ఉంటాయి. మన మాట రెండోదాంట్లో దొరుకుతుంది. ఒక్క స్పెల్లింగుతో ఆగిపోకండి, ‘గ్లామరీ’ అని కూడా వెతకండి.

దొరికిన వాక్యాల్లో మాట పక్కన ఏ క్రియ ఉందో చూడండి. 1721లో స్కాట్లాండ్ కవి అలన్ రామ్సే తన పద్యాలకు రాసుకున్న పదకోశంలో, దయ్యాలో మంత్రగాళ్లో గారడీవాళ్లో చూపును మోసం చేస్తే, చూసేవాళ్ల కళ్లమీద గ్లామర్ ‘వేశారు’ అంటారని వివరించాడు. అంటే గ్లామర్ ఒకరిలో ఉండే గుణం కాదు, ఒకరు ఇంకొకరి కళ్లమీద వేసేది. మన ‘కనికట్టు’లో కన్నూ కట్టూ ఉన్నట్టే.

ఇక మూలం. అది ‘గ్రామర్’, అవును, వ్యాకరణమే! గ్రీకులో ‘గ్రమ్మ’ అంటే అక్షరం. మధ్యయుగాల్లో చదువంటే లాటిన్ చదువు. చదువురాని జనానికి ఆ పుస్తకాల్లో మంత్రతంత్రాలు కూడా ఉన్నాయనిపించేది. అందుకే మధ్యయుగపు ఇంగ్లీషులో ‘గ్రమరీ’కి క్షుద్రవిద్య అన్న అర్థం వచ్చింది. ఫ్రెంచివారి మంత్రపుస్తకం ‘గ్రిమ్వార్’ కూడా ఈ కుదురులోదే.

మరి ర-కారం ల-కారం ఎలా అయింది? ఒకే మాటలో రెండు ర-కారాలుంటే నాలుక ఒకదాన్ని మార్చేస్తుంది. మన ఊళ్లలో ‘రబ్బరు’ను ‘లబ్బరు’ అనడం వినే ఉంటారు. గ్రామర్ గ్లామర్ అయిందీ అలాగే. 1789లో స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్, పాత కట్టడాల పరిశోధకుడు కెప్టెన్ గ్రోస్ మీద రాసిన పద్యంలో ఈ రెంటినీ ప్రాసగా పక్కపక్కనే పెట్టాడు. అక్కడ గ్రామర్ నరకపు నల్లవిద్య. అర్థంలోని వంతెన కళ్లకు కట్టే సాక్ష్యం ఇది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, నేటి అర్థాన్ని పాత వాక్యానికి అంటగట్టడం: పాత గాథాగీతంలో జిప్సీలు దొరసానిపై గ్లామర్ వేశారంటే ఆమెను అందంగా తయారుచేశారని కాదు, మాయలో పడేశారని. సొగసు అన్న అర్థం 19వ శతాబ్దిలో వచ్చింది. స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ 1805 నాటి కావ్యం ఈ మాటను ఇంగ్లీషు పాఠకులకు చేర్చాకే ఆ దారి తెరుచుకుంది. రెండోది, ధ్వని కలిసింది కదా అని మూలం తేల్చేయడం. స్కాండినేవియా ప్రాచీన భాష పాత నార్స్‌లో భ్రాంతికి ‘గ్లామ్‌సీని’ అన్న మాట ఉంది, దాన్నే మూలమన్నవాళ్లూ ఉన్నారు. కానీ గ్రామర్ వైపు ధ్వని మార్పుకూ అర్థం మార్పుకూ రెంటికీ ఆధారాలున్నాయి, మొగ్గు అటే.

అభ్యాసం: ‘డ్రీఖ్’ మాటకు ‘ముసురు పట్టిన’, ‘ఎంతకీ తెగని’ అని రెండు అర్థాలున్నాయి. ఒక్కోదానికి మూడేసి ప్రయోగాలు తేదీలతో రాసుకుని, ఏది ముందో తేల్చండి. 5వ పాఠం అక్కడ మొదలవుతుంది.