గోల్ఫ్ స్వింగ్‌లో తుంటి తిరగాలి, పక్కకి జరగకూడదు

బంతిని చేతుల బలంతో బాదితే దూరం పోతుందనుకుంటారు చాలామంది, కానీ ఆ ఊపు కాళ్ల నుంచి, తుంటి నుంచి రావాలి. డ్రైవింగ్ రేంజ్‌లో కొత్తవాళ్లని గమనించండి, బ్యాక్‌స్వింగ్‌లో, అంటే కర్రని వెనక్కి ఎత్తేటప్పుడు, తుంటిని తిప్పే బదులు పక్కకి జరిపేస్తుంటారు. కుడిచేతివాళ్ల లెక్కలో చెబుతున్నా: అలా జరిగితే బరువు కుడిపాదం బయటి అంచు మీదకి పోయి, అక్కణ్ణుంచి సమయానికి తిరిగి రాలేక, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) బంతి కంటే ముందే నేలని తవ్వేస్తుంది.

దీనికి ఇంట్లో గోడ చాలు, క్లబ్ కూడా అక్కర్లేదు. మడమలు గోడకి నాలుగైదు అంగుళాల దూరంలో ఉంచి, మోకాళ్లు కాస్త వంచి, తుంటి దగ్గర ముందుకి వంగితే పిరుదులు రెండూ గోడకి తగులుతాయి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుడివైపు తిరగండి. కుడి పిరుదు గోడని నొక్కాలి, ఎడమది వదలాలి, ఒత్తిడి కుడి మడమ లోపలివైపు తెలియాలి. కుడి మోకాలు కొంచెం తిన్నగా అయినా పర్లేదు, కర్రలా బిగుసుకుపోతే మాత్రం తప్పు.

భుజాలు 90 డిగ్రీలు తిరిగేసరికి తుంటి సుమారు 45 తిరుగుతుంది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి అంత రాకపోవచ్చు, బలవంతం చేయకండి. కుడిపాదం వేళ్లని కొంచెం బయటికి తిప్పి పెట్టండి, ఎడమ మడమని లేవనివ్వండి. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నమెంట్లు) గెలిచిన జాక్ నిక్లాస్ కూడా మడమ లేపేవాడు.

అసలు కష్టం డౌన్‌స్వింగ్‌లోనే, అంటే క్లబ్‌ని బంతి మీదకి దించేటప్పుడు. భుజాలు ఇంకా వెనక్కి ఉండగానే ముందు ఎడమకాలి మీద ఒత్తిడి పెట్టి, ఆ తర్వాత ఎడమ పిరుదుని గోడకి తీసుకెళ్లాలి. ఈ వరస మరిచి తుంటిని ఒక్కసారిగా గిర్రున తిప్పితే భుజాలూ వెంటే వచ్చేసి, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసి స్లైస్ పడుతుంది, అంటే బంతి కుడివైపుకి వంగిపోతుంది. మధ్యలో పిరుదులు రెండూ గోడని వదిలేశాయంటే తుంటి బంతి వైపు దూసుకొస్తోందని అర్థం, అప్పుడు చేతులు దిగడానికి చోటే ఉండదు. మంచి ఆటగాళ్లకి బంతి తగిలే క్షణానికే తుంటి టార్గెట్ వైపు తెరుచుకుని ఉంటుంది, ఫినిష్‌లో బెల్టు బకిల్ పూర్తిగా అటే చూస్తుంది.

గోడ దగ్గర కుదిరాక 7 ఐరన్ అనే మధ్యరకం క్లబ్‌తో సగం స్వింగ్‌లు నెమ్మదిగా కొట్టండి, అన్నిటికంటే పొడవైన క్లబ్ డ్రైవర్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. నడుము కింద పట్టేసినట్టుంటే వెంటనే ఆపండి, చాలాసార్లు తుంటి తిరగక ఆ మెలి మొత్తం వెన్ను మీద పడుతుంటుంది.