టోకమాక్ సతాయిస్తోందా? లక్షణం పట్టుకుని మూలం దాకా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కాలేజీల్లో ప్లాస్మా ప్రాజెక్టు చేస్తున్నవాళ్ల కోసం, చిన్న ప్రయోగాత్మక ఫ్యూజన్ యంత్రానికి డిజైన్ గీస్తున్న బృందాల కోసం ఇది రాస్తున్నాం. టోకమాక్ అంటే ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువును, ఉంగరంలాంటి ఛాంబర్‌లో అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం. ఈ యంత్రంలో తప్పు ప్లాస్మాలో కనబడుతుంది. మూలం మాత్రం చాలాసార్లు గోడలోనో, అతుకులోనో, ఎర్తింగ్‌లోనో ఉంటుంది. అందుకే వెతికే వరుస ముఖ్యం: ముందు వాక్యూమ్, తర్వాత ఎర్తింగ్, కాయిల్స్, ఆఖరికి ప్లాస్మా.

1. వాక్యూమ్ 10⁻⁵ మిల్లీబార్ దగ్గరే ఆగిపోయింది

హైడ్రోజన్ నింపేముందు ఛాంబర్ 10⁻⁷ మిల్లీబార్‌కు, వీలైతే 10⁻⁸కి దిగాలి. రోటరీ పంపు, టర్బో పంపు రెండూ బాగానే తిరుగుతున్నా గేజి కదలడం లేదంటే కొత్త పంపు కొనాలని తొందరపడకండి. గేట్ వాల్వ్ మూసేసి పది సెకన్లకోసారి ఒత్తిడి రాసుకోండి. గ్రాఫ్‌లో గీత వంకర లేకుండా ఒకే వాలున ఎక్కితే బయటి గాలి లోపలికి వస్తున్నట్టు. మొదట గబగబా ఎక్కి తర్వాత వంగిపోతే గోడలకు పట్టిన తేమ వదులుతున్నట్టు.

ఒక లెక్క చూడండి. 100 లీటర్ల ఛాంబర్‌లో 100 సెకన్లకు 10⁻³ మిల్లీబార్ పెరిగిందనుకుందాం. లీకు సెకనుకు 10⁻³ మిల్లీబార్-లీటర్. పంపు వేగం సెకనుకు 100 లీటర్లయితే, 10⁻³ని 100తో భాగిస్తే 10⁻⁵. గేజి ఆగిన అంకె సరిగ్గా ఇదే, అంటే పంపులో లోపం లేదు. దాని బదులు 500 లీటర్ల పంపు పెట్టినా 2×10⁻⁶ దగ్గర ఆగిపోతుంది.

అవశేష వాయు విశ్లేషకం (మిగిలిన వాయువులను ద్రవ్యరాశి వారీగా చూపే పరికరం) ఉంటే పని ఇంకా తేలిక. ద్రవ్యరాశి 28, 32 శిఖరాలు సుమారు నాలుగుకు ఒకటి చొప్పున ఉండి, పక్కన 14, 40 కూడా కనబడితే గాలి లీకు. 18 ఒక్కటే పొడుగ్గా ఉంటే తేమ. 43, 57 లేచాయంటే రోటరీ పంపు నూనె వెనక్కి వస్తోంది.

గాలి లీకైతే హీలియం లీక్ డిటెక్టర్ పట్టుకోండి. హీలియం పైకి పోతుంది కాబట్టి పైనుంచి కిందికి రావాలి, సన్నటి ధారగా, ఒక్కో జాయింట్ దగ్గర ఆగుతూ. కింది నుంచి మొదలుపెడితే పై జాయింట్ లీకు కింది జాయింట్ మీద పడుతుంది. ఎక్కువగా దొరికేవి: రెండోసారి వాడిన రాగి గాస్కెట్, గాస్కెట్‌లోకి దిగే ఫ్లాంజి కత్తి అంచుకు అడ్డంగా పడిన గీత, ఓ-రింగు కింద చిక్కిన ఒక్క నూలుపోగు. కత్తి అంచును టార్చిలైటు ఏటవాలుగా పెట్టి చుట్టూ చూడండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, నాలుగైదు చుట్లలో బిగించాలి. రాగి గాస్కెట్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాల్సిందే.

హీలియంకు ఏమీ పలకకపోతే లోపలే గాలి దాగి ఉంది. మూసుకున్న రంధ్రంలో మర బిగిస్తే దాని అడుగున చిక్కిన గాలి వారాల తరబడి కారుతుంది. మర మధ్యలో ఒక మిల్లీమీటరు రంధ్రం పొడవునా వేయించండి. ఇంతకన్నా మొండిది వెల్డింగ్. గేట్లు, ట్యాంకులు చేసే షాపుల్లో బలం కోసం లోపల, బయట రెండువైపులా నిండుగా వెల్డ్ చేస్తారు. వాళ్ల పనికి అది సరైనదే. వాక్యూమ్‌కు మాత్రం రెండు వెల్డుల మధ్య చిక్కిన సందు శాపం, దాన్ని హీలియంతో పట్టుకోనూ లేరు. లోపలివైపు తెగకుండా నిండు వెల్డ్, బయట అక్కడక్కడా టాకులు మాత్రమే అని డ్రాయింగ్ మీదే రాసివ్వండి. మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ చక్రాన్ని 304ఎల్, 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌కు తాకనివ్వొద్దని కూడా.

తేమ అయితే బేకింగ్. వానకాలంలో ఛాంబర్ తెరవాల్సివస్తే పొడి నైట్రోజన్‌తో నింపి తెరవండి, పని కాగానే మూయండి. హీటర్ టేపు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి, గంటకు 20-25 డిగ్రీల చొప్పున 150 డిగ్రీలకు తీసుకెళ్లి కనీసం ఒక రోజు ఉంచండి. తొందరపడితే గాజు కిటికీలు, సిరామిక్ ఫీడ్‌త్రూలు పగులుతాయి. విటాన్ ఓ-రింగులుంటే 150 దాటొద్దు.

ఇంకొకటి, మన దగ్గర తప్పక చెప్పాల్సింది. ఛాంబర్‌ను, కూలింగ్ గొట్టాలను బోరు నీళ్లతో కడగొద్దు, ఆ నీళ్లతో ప్రెజర్ టెస్టు చేయొద్దు. నీళ్లు ఆరిపోతాయి, క్లోరైడ్ వెల్డ్ పక్క సందుల్లో మిగిలిపోతుంది. తర్వాత ఒత్తిడి పడ్డచోట స్టెయిన్‌లెస్ స్టీల్ సన్నగా చీలుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ యంత్రం ఐటర్‌లో ఇట్లాంటి చీలికలే వచ్చాయి. థర్మల్ షీల్డు గొట్టాల వెల్డుల దగ్గర మిగిలిన క్లోరిన్ వల్ల 2.2 మిల్లీమీటర్ల లోతు దాకా పగుళ్లు వచ్చాయని 2022లో ప్రకటించి, సుమారు 23 కిలోమీటర్ల గొట్టాలు మార్చే పనికి దిగారు. డీఅయనైజ్డ్ నీళ్లతో కడిగి, వేడి నైట్రోజన్ ఊది ఆరబెట్టండి.

2. ఎండకాలం మధ్యాహ్నం టర్బో పంపు ట్రిప్ అవుతోంది

ఏప్రిల్, మే నెలల్లో గది వేడికి గాలితో చల్లబడే పంపు తట్టుకోదు. నీళ్లతో చల్లబడేదైతే బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది. చిల్లర్‌తో క్లోజ్డ్ లూప్ పెట్టండి, డీఅయనైజ్డ్ నీళ్లు పోయండి. నీళ్లను మరీ చల్లగా పెడితే వానకాలంలో పంపు ఒళ్లంతా చెమట పట్టి కనెక్టర్లలోకి దిగుతుంది.

3. గ్యాస్ నింపినా ప్లాస్మా వెలగడం లేదు

మొదట గేజి. అయాన్ గేజి నైట్రోజన్‌కు సర్ది వస్తుంది. హైడ్రోజన్‌లో అసలు ఒత్తిడి అది చూపేదానికి రెండు రెట్లకు పైనే ఉంటుంది. దాన్ని సవరించుకుని 5×10⁻⁵ నుంచి 5×10⁻⁴ మిల్లీబార్ దాకా మెట్లు మెట్లుగా ప్రయత్నించండి. తక్కువైతే ఎలక్ట్రాన్లకు ఢీకొనడానికి అణువులు దొరకవు, ఎక్కువైతే అవి వేగం అందుకోకముందే ఢీకొంటాయి.

రెండోది దారి తప్పిన అయస్కాంత క్షేత్రం. విద్యుత్ క్షేత్రాన్ని టొరాయిడల్ క్షేత్రంతో (ఉంగరం పొడవునా చుట్టూ తిరిగేది) గుణించి, దానికి అడ్డంగా ఉన్న దారితప్పిన క్షేత్రంతో భాగిస్తే మీటరుకు 1000 వోల్టులు దాటాలి. ప్రధాన వ్యాసార్థం అర మీటరు, లూప్ వోల్టేజి (ఉంగరం చుట్టూ ఒక చుట్టుకు వచ్చేది) 10 వోల్టులు అనుకోండి. చుట్టుకొలత 3.14 మీటర్లు, కాబట్టి మీటరుకు 3.2 వోల్టులు. టొరాయిడల్ క్షేత్రం 0.5 టెస్లా, అడ్డ క్షేత్రం 1 మిల్లీటెస్లా అయితే 1600 వస్తుంది, వెలుగుతుంది. అడ్డ క్షేత్రం 3 మిల్లీటెస్లా అయితే 530 మాత్రమే, వెలగదు. ఒక్కో కాయిల్‌కు విడివిడిగా కరెంటు ఇచ్చి హాల్ ప్రోబ్‌తో మధ్యతలంలో, దానికి 5 సెంటీమీటర్ల పైన, కింద కొలవండి. తప్పు ఎక్కువగా కాయిల్ లీడ్లలో దొరుకుతుంది: పోయే తీగ, వచ్చే తీగ ఎడంగా ఉంటే అదే ఇంకో కాయిల్. రెండూ మెలిపెట్టండి.

మూడోది కనబడని చుట్టు. ఛాంబర్ చుట్టూ ఒకచోట సిరామిక్ లేదా టెఫ్లాన్‌తో విద్యుత్ ఎడం ఉండాలి. దాని మీద ఒక క్లాంపు తగిలినా, యంత్రం చుట్టూ కేబుల్ ట్రే పూర్తి వృత్తంగా తిరిగినా, నేలలో స్లాబు ఇనుము వలయంగా కట్టి ఉన్నా అది ప్లాస్మాలో కరెంటు పారించే ట్రాన్స్‌ఫార్మర్‌కు షార్ట్ అయిన సెకండరీ అవుతుంది. 10 వోల్టులు 5 మిల్లీఓంల వలయంలో 2000 ఆంపియర్లు పారించగలవు, ప్లాస్మాకు రావాల్సింది అటు పోతుంది. ఛాంబర్‌కు తగిలిన తీగలు, గొట్టాలు అన్నీ విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎడాన్ని కొలవండి. తర్వాత ఒక్కొక్కటే కలుపుతూ మళ్లీ మళ్లీ కొలిస్తే దొంగ దొరుకుతుంది. ట్రేలను ఒకచోట తెంపి, ఎర్తింగ్ ఒక్క బిందువు దగ్గరే కలపండి. స్లాబు విషయం బిల్డింగ్ కట్టేముందే చెప్పాలి. సిమెంటు పోశాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ పనులన్నిటికీ ముందు కెపాసిటర్ బ్యాంకు ఆపి, డంప్ రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, ఎర్తింగ్ కర్రతో తాకించి, కర్రను అట్లాగే వేలాడదీసి ఉంచండి. తీసేస్తే పెద్ద కెపాసిటర్లలో వోల్టేజి తిరిగి మొలుస్తుంది, ప్రాణాలు తీసేంత.

4. వెలిగిన ప్లాస్మా కొన్ని మిల్లీసెకన్లకే ఆరిపోతోంది

ఎట్లా ఆరిందో సిగ్నల్‌లో చూడండి. కరెంటు మెల్లగా వాలితే ట్రాన్స్‌ఫార్మర్ వోల్ట్-సెకన్లు అయిపోయాయి. ముందు పక్కకు జరిగి ఆరితే నిలువు క్షేత్రం కరెంటుతో సరితూగడం లేదు. మిర్నోవ్ కాయిల్‌లో (అయస్కాంత క్షేత్రం కదలికలు పట్టే చిన్న కాయిల్) ఊగిసలాట పెరిగి, లూప్ వోల్టేజి ఒక్కసారి రుణాత్మకంగా గుచ్చుకుంటే అది డిస్రప్షన్, అంటే ప్లాస్మా ఒక్కసారిగా కుప్పకూలడం.

డిస్రప్షన్‌కు రెండు హద్దులు లెక్కేయండి. ఉదాహరణకు గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి నడిచిన ఆదిత్య కొలతలు తీసుకుందాం: ప్రధాన వ్యాసార్థం 0.75 మీటరు, చిన్న వ్యాసార్థం 0.25. క్షేత్రం 0.75 టెస్లా, కరెంటు 80 కిలోఆంపియర్లు అనుకుంటే అంచు దగ్గర భద్రతా గుణకం (క్షేత్రరేఖ ఒక అడ్డ చుట్టు పూర్తిచేసేలోపు ఉంగరం చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ అంకె) సుమారు 3.9. అదే క్షేత్రంలో కరెంటు 150కి తోస్తే 2.1కి పడిపోతుంది. 2 కిందికి పోతే ప్లాస్మా నిలవదు, 3 పైన ఉంచుకోవడం మంచిది. సాంద్రత హద్దు 80 కిలోఆంపియర్లకు ఘనమీటరుకు సుమారు 4×10¹⁹ కణాలు.

రెండు హద్దుల లోపలే ఉన్నా ఆరిపోతే మళ్లీ గోడ దగ్గరికే రావాలి. స్పెక్ట్రోమీటర్‌లో ఆక్సిజన్, కార్బన్ గీతలు మెరుస్తుంటే అవి వేడిని వెలుగుగా బయటికి తోడేస్తున్నాయి. బేకింగ్ తర్వాత 300-500 వోల్టుల హైడ్రోజన్ గ్లో డిశ్చార్జి కొన్ని గంటలు నడిపి, వాయు విశ్లేషకంలో 18, 28 శిఖరాలు తగ్గేదాకా ఆపకండి.

5. ఎక్స్-రే డిటెక్టర్ ఒక్కసారిగా మోగుతోంది

గ్యాస్ పలుచగా, లూప్ వోల్టేజి ఎక్కువగా ఉంటే కొన్ని ఎలక్ట్రాన్లు అదుపు తప్పి వేగం పెంచుకుంటూ లిమిటర్‌ను (ప్లాస్మా అంచును ఆపే పలక) గుద్దుతాయి, ఎక్స్-రేలు అక్కడ పుడతాయి. షాట్ మొదట్లోనే గ్యాస్ పెంచండి. షాట్ సమయంలో హాల్లో మనిషి ఉండకూడదు. తలుపుకు ఇంటర్‌లాక్, అందరికీ డోసు బ్యాడ్జీ తప్పనిసరి.

6. ఒక టైలు అంచు మాత్రమే కాలుతోంది

క్షేత్రరేఖలు టైలు ముఖానికి దాదాపు 3 డిగ్రీల ఏటవాలుతో వస్తాయి, వేడి పలుచగా పరుచుకుంటుంది. పక్క టైలు కన్నా ఒకటి కొన్ని పదుల మైక్రాన్లు పైకి లేచినా, బయటపడిన ఆ నిలువు అంచుమీద వేడి సుమారు 19 రెట్లు పడుతుంది. ఐటర్‌లో ప్లాస్మా వేడిని, వ్యర్థాన్ని అందుకునే డైవర్టర్ ముఖం చదరపు మీటరుకు 10 మెగావాట్లకు డిజైన్ చేశారు. ఆ లెక్కన 3422 డిగ్రీలకు కరిగే టంగ్‌స్టన్ అంచు కూడా నిలవదు. డయల్ గేజితో వరుసంతా కొలిచి, అంచులు వాలుగా చెక్కించండి, ఎగువ టైలు నీడలో దిగువ అంచు దాగేలా.

7. అతిచాలక కాయిల్ పదేపదే క్వెంచ్ అవుతోంది

క్వెంచ్ అంటే కాయిల్ వేడెక్కి అతిచాలకత్వం పోగొట్టుకోవడం. తీగ కన్నా ముందు జాయింట్లను అనుమానించండి. 10 కిలోఆంపియర్లు 100 నానోఓంల జాయింట్‌లో పారితే 10 వాట్ల వేడి. 4.5 కెల్విన్ దగ్గర ఒక్క వాటు తీయడానికి బయట 250 వాట్లు, అంతకన్నా ఎక్కువే ఖర్చవుతాయి. 2008లో యూరప్‌లోని సెర్న్ కణ కొలైడర్‌ను ఆపేసింది ఇట్లాంటి ఒక చెడ్డ జాయింటే. ప్రతి జాయింట్‌కు విడిగా వోల్టేజి ట్యాపులు పెట్టి, తక్కువ కరెంటు దగ్గరే కొలిచి, పక్కవాటి కన్నా ఎక్కువ చూపేదాన్ని విప్పి మళ్లీ చేయండి.

8. డిజైన్‌లో ట్రిటియం లెక్క కుదరడం లేదు

ఫ్యూజన్ ఇంధనాలు రెండు: హైడ్రోజన్‌కు బరువైన రూపాలైన డ్యూటీరియం, ట్రిటియం. డ్యూటీరియానికి దిగులు లేదు. హైడ్రోజన్‌లో దాదాపు 6400 పరమాణువులకు ఒకటి అదే. గోదావరి నీళ్ల నుంచి మణుగూరు భారజల కర్మాగారం దాన్ని వేరుచేస్తోంది. ట్రిటియం సగం ఆయుష్షు 12.3 ఏళ్లే, ప్రకృతిలో దాచిపెట్టుకున్న నిల్వ లేదు. 1000 మెగావాట్ల ఫ్యూజన్ వేడికి ఏడాదికి దాదాపు 56 కిలోలు కాలుతుంది.

ఈ రెండూ కలిసే ఒక్కో చర్యకు ఒక్క న్యూట్రాన్ వస్తుంది, అది లిథియంను తాకితేనే కొత్త ట్రిటియం పుడుతుంది. డైవర్టర్, పోర్టులు, ఉక్కు దానిలో వాటా తినేస్తే లిథియంకు చేరేది ఒకటికన్నా తక్కువ. సీసం లేదా బెరీలియం పొర పెట్టి న్యూట్రాన్లను పెంచాలి, సహజ లిథియంలో 7.5 శాతమే ఉన్న లిథియం-6ను ఎక్కువ చేయాలి, మొదటి గోడ ఉక్కును పలుచన చేయాలి. లెక్క పోర్టులు, గొట్టాలు, సందులు అన్నీ గీసిన త్రిమితీయ నమూనాలో వేయండి. రంధ్రాల్లేని గుండ్రటి నమూనాలో వచ్చిన 1.1 (కాలిన ఒక్కో ట్రిటియానికి పుట్టే కొత్త ట్రిటియం), నిజమైన డ్రాయింగ్‌లో 1 కిందికి జారిపోవచ్చు. అట్లా జారితే ముందు తగ్గించాల్సింది పోర్టుల సంఖ్యనే.