చెవులు వినని పిల్లలకు తాళం నేర్పాలంటే ముందు ఒక బెలూన్ కొనండి

మీ ఇంట్లో చెవులు వినని పాపో బాబో ఉంటే, సంగీతం వాళ్లకెందుకులే అని దయచేసి పక్కన పెట్టేయకండి. ఒక బెలూన్ ఊది పాప రెండు అరచేతుల మధ్య పట్టించండి. రెండడుగుల దూరంలో డప్పు కొట్టండి. పల్చటి రబ్బరు ఆ అదురును నేరుగా చేతుల్లోకి తెస్తుంది. మధురవాడలో మా అక్క కూతురికి మొదటిసారి ఇలా చేస్తే బెలూన్ వంక చూసింది, డప్పు వంక చూసింది, ఇంకోసారి కొట్టమని సైగ చేసింది. ఆ రోజు అరగంట కొడుతూనే ఉన్నాం.

వేణువు లాంటి సన్నటి స్వరాలకన్నా డప్పు లాంటి మంద్రమైన మోతే ఒంటికి బాగా తెలుస్తుంది. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లనే చూడండి, వాద్యాన్ని ఛాతీకే కట్టుకుని వాయిస్తారు! చెప్పులు విప్పించి చెక్క బల్ల మీద నిలబెడితే అరికాళ్లకూ అందుతుంది. గచ్చు నేల మీద అంతగా తెలియదు. చిన్నప్పుడే వినికిడి దాదాపుగా పోయిన స్కాట్లండ్ వాద్యకళాకారిణి ఎవెలిన్ గ్లెనీ కూడా కచేరీల్లో చెప్పుల్లేకుండానే వాయిస్తారు.

తర్వాత కర్ణాటక సంగీతంలోని ఆదితాళం. దాని 8 అక్షరాలూ, అంటే తాళం లెక్కలూ, కంటికి కనిపిస్తాయి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ వేసి చేయి తిప్పడం, రెండుసార్లు. ఎదురుగా కూర్చుని నిదానంగా వేయండి. పాప చెవికి మిషన్ ఉంటే డప్పు కాస్త దూరం జరపండి, మొహం చిట్లిస్తే వెంటనే ఆపేయండి.