పాత అవుట్‌బోర్డ్ మోటార్ల మరమ్మతు – 3వ పాఠం: పోయిన నిప్పురవ్వను రప్పించడం

గత పాఠంలో అవుట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనుక తగిలించే ఇంజను, అడుగు భాగం విప్పాం. గేరు పెట్టెలోని పాత నూనె తీసి, నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ మార్చాం. నీళ్లు చేరి నూనె పాలవిరుగుడులా తెల్లబడి వచ్చినవారికి సీళ్ల పని ఇంకా మిగిలే ఉంటుంది. దానివల్ల ఈ పాఠం ఆగదు, ఎందుకంటే ఈసారి పనంతా మోటారు నెత్తి మీదే.

‘చచ్చిపోయింది’ అంటూ ఎవరో మూలన పడేసిన పాత మోటారును విప్పి చూస్తే చాలాసార్లు పిస్టన్లు బాగానే ఉంటాయి, గేర్లూ బాగానే ఉంటాయి. ఉండనిది పెట్రోలును మండించే నిప్పురవ్వ ఒక్కటే. అదీ ఏదో అరిగిపోయి కాదు, ఏళ్ల తరబడి వాడకుండా వదిలేయడం వల్ల. మడతపెట్టిన చిన్న గరుకు కాగితం ముక్కతో తీరిపోయే జబ్బుకు మోటారును తూకానికి అమ్మేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ పాఠాన్ని తొందరపడకుండా చదవండి.

ముందొక హద్దు చెప్పుకోవాలి. ఇక్కడ చెప్పేది ఫ్లైవీల్ (మోటారు పైన తిరిగే బరువైన చక్రం) కింద మాగ్నెటో (బ్యాటరీ లేకుండా అయస్కాంతాలతో నిప్పు పుట్టించే ఏర్పాటు), పాయింట్లు (దాని కరెంటును కలుపుతూ తెంపే చిన్న స్విచ్చు) ఉండే మోటార్ల గురించి. 1920ల తొలినాళ్లలో ఓలె ఎవిన్‌రూడ్ తెచ్చిన ఎల్టో మోటారు బ్యాటరీ కరెంటుతో నిప్పు పుట్టించేది. అదే కాలంలో జాన్సన్ సోదరుల లైట్ ట్విన్ మాగ్నెటోతో నడిచేది. మీ చేతిలో ఉన్నది తొలినాటి ఎల్టో అయితే ఈ పాఠంలో సగమే మీకు పనికొస్తుంది. 1950లలో, 60లలో వచ్చిన చిన్న జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు అయితే మాత్రం ఇక్కడి ప్రతి మాటా వర్తిస్తుంది. ఉదాహరణగా నేను 1956 నాటి జాన్సన్ సీ-హార్స్ 5.5 హార్స్‌పవర్ మోటారునే ముందు పెట్టుకుంటాను. రెండు సిలిండర్లు, రెండు కాయిళ్లు (వోల్టేజి పెంచే తీగ చుట్టలు), రెండు జతల పాయింట్లు. నేర్చుకోవడానికి అంతకంటే మంచి మోటారు నాకు తెలియదు.

విప్పే ముందు పరీక్ష

ఏమీ విప్పకముందే అసలు నిప్పు ఉందో లేదో చూడాలి. ప్లగ్గులు రెండూ తీసేయండి. పెట్రోలు డబ్బాను, దాని గొట్టాన్ని దూరంగా పెట్టండి. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి రావచ్చు కాబట్టి నిప్పురవ్వ ఆ దరిదాపుల్లో పడకూడదు. ప్లగ్గు వైరు చివరన సర్దుకోవడానికి వీలున్న స్పార్క్ టెస్టర్ తగిలించి, దాని క్లిప్పును మోటారు లోహానికి పట్టించండి. ఖాళీని 6 మిల్లీమీటర్లు పెట్టి తాడు గట్టిగా లాగండి. నీలిరంగు రవ్వ ‘టప్’మని శబ్దం చేస్తూ దూకితే మాగ్నెటో బాగున్నట్టే. రవ్వ పసుపుగా, సన్నగా ఉన్నా, ఒక్కో లాగుకు వచ్చి ఒక్కో లాగుకు రాకపోయినా పని ఉన్నట్టే.

వైర్లను గాలిలో వేలాడదీసి మాత్రం తాడు లాగకండి. కాయిల్‌లో పుట్టిన వేల వోల్టుల కరెంటుకు పోయే దారి లేకపోతే అది కాయిల్ ఇన్సులేషన్‌నే చీల్చుకుని పోతుంది. పరీక్ష పేరుతో మంచి కాయిల్‌ను చంపుకున్నట్టవుతుంది. ఒక వైరును పరీక్షిస్తున్నప్పుడు రెండో వైరును కూడా లోహానికి కలిపే ఉంచండి.

ఫ్లైవీల్ తీయడం

ఈ పాఠంలో చేతులు తొందరపడే చోటు ఇదే. పైన రీకాయిల్ స్టార్టర్, అంటే తాడు చుట్టుకునే భాగం, విప్పితే నడుమ పెద్ద నట్టు కనిపిస్తుంది. పట్టీ రెంచితో ఫ్లైవీల్‌ను కదలకుండా పట్టుకుని ఆ నట్టును మామూలు పద్ధతిలోనే, ఎడమవైపుకు తిప్పి వదులు చేయండి. పూర్తిగా తీయకండి. క్రాంక్ షాఫ్ట్ చివరకు సమంగా వచ్చేదాకా తిప్పి అక్కడే ఆపండి. షాఫ్ట్ మర చెడకుండా ఆ నట్టే కాపాడుతుంది.

నట్టు వదులైనంత మాత్రాన ఫ్లైవీల్ ఊడి రాదు. క్రాంక్ షాఫ్ట్ చివర శంఖంలా సన్నబడి ఉంటుంది. ఫ్లైవీల్ ఆ వాలుకు బిగుసుకుని ఏళ్లుగా కూర్చుని ఉంటుంది. దాన్ని లేపడానికి ఫ్లైవీల్ నడిమి భాగంలో మర తీసిన మూడు రంధ్రాలు ఇచ్చారు. ఆ మూడింట్లో బోల్టులు బిగించే పుల్లర్‌నే వాడాలి. అంచును గోళ్లతో పట్టి లాగే పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది. పుల్లర్ నడిమి బోల్టును గట్టిగా బిగించి, ఇక బిగియదనుకున్నప్పుడు ఆ బోల్టు తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. ‘ఠంగ్’మని ఫ్లైవీల్ లేస్తుంది. లేవకపోతే ఇంకాస్త బిగించి మళ్లీ ఒక దెబ్బ. సుత్తి దెబ్బ పుల్లర్ బోల్టుకే తగలాలి కానీ క్రాంక్ షాఫ్ట్‌కో ఫ్లైవీల్‌కో తగలకూడదు.

నేర్చుకునే రోజుల్లో నా దగ్గర పుల్లర్ లేదు. రెండు పెద్ద స్క్రూడ్రైవర్లు అంచు కింద దూర్చి పైకి ఎత్తాను. ఫ్లైవీల్ లేచింది. తీసి చూస్తే ఒక స్క్రూడ్రైవర్ కొన కాయిల్‌లో దిగి ఉంది. అప్పటివరకూ ఆ కాయిల్ బాగానే ఉంది. ఆ మోటారులో అసలు లోపం పాయింట్ల మీది చిలుము మాత్రమేనని ఆ తర్వాత తెలిసింది. పుల్లర్ సంపాదించే వరకు ఫ్లైవీల్ జోలికి వెళ్లవద్దని ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

తీసిన ఫ్లైవీల్‌ను ఇనుప రజను ఉన్న బల్ల మీద పెట్టకండి. లోపలి అయస్కాంతాలు ఆ రజనంతా పీల్చుకుంటాయి. శుభ్రమైన కాగితం మీద వెల్లకిలా పెట్టండి. షాఫ్ట్ గాడిలో ఉన్న చిన్న లోహపు కీని జాగ్రత్త చేయండి. దాని అంచులు కోసుకుపోయి ఉన్నా, మెట్టులా జరిగి ఉన్నా కొత్తది వేయాల్సిందే. కీ జరిగితే నిప్పు పడే వేళ తప్పుతుంది, ఆ తర్వాత మీరు ఎంత బాగు చేసినా మోటారు సరిగా అందుకోదు.

ఇప్పుడు షాఫ్ట్ చివరను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. పైబేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే పాయింట్ల ఖాళీ ఎంత సరిగా పెట్టినా నిలవదు. ఆ పని వేరు, ఈ పాఠంలో పట్టదు.

లోపల ఏం జరుగుతుంది

ఫ్లైవీల్ తిరిగేటప్పుడు అయస్కాంతాలు కాయిల్ ముందు నుంచి దూసుకుపోతాయి. కాయిల్‌లోని లావు తీగ చుట్లలో కరెంటు పుడుతుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ ఆ కరెంటు హాయిగా ప్రవహిస్తుంది. షాఫ్ట్‌తో పాటు తిరిగే ఉబ్బెత్తు భాగం, కామ్, వచ్చి పాయింట్లను తెరిచిన క్షణంలో ఆ దారి తెగుతుంది, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడంతో సన్న తీగ చుట్లలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర దూకుతాయి. పాయింట్లకు కలిపి ఉండే చిన్న డబ్బీ లాంటి కండెన్సర్ ఆ క్షణంలో పాయింట్ల మధ్య మంట లేవకుండా చూస్తుంది. మంట లేస్తే కరెంటు తెగడం మందగిస్తుంది, రవ్వ బలహీనపడుతుంది.

ఈ వరుసలో ఎక్కువసార్లు తప్పేది మొదటి మెట్టే. పాయింట్లు మూసుకున్నట్టు కనిపిస్తాయి కానీ వాటి మధ్య కంటికి కనబడని చిలుము పొర ఉంటుంది. మాగ్నెటో లావు చుట్లలో పుట్టే చిన్న వోల్టేజికి ఆ పొరే గోడ. పాత మోపెడ్లు విప్పిన వారికి ఈ సంగతి అనుభవమే.

కాయిళ్లు

ముందు కళ్లతో చూడండి. 1950ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ కాయిళ్లకు పైన పోసిన ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. దీపం దగ్గరగా పట్టుకుని కాయిల్ చుట్టూ చూస్తే వెంట్రుకంత పగుళ్లు మొదలుకొని గోరు దూరేంత పగుళ్ల దాకా కనిపిస్తాయి. పగిలిన కాయిల్‌ను పరీక్షలతో సమర్థించుకోకండి. మల్టీమీటరు సరైన అంకే చూపించి బాగుందన్నా, వేడెక్కినప్పుడు అది పగులులోంచి కరెంటు కారుస్తుంది. ఒడ్డున మొదటి లాగుకే అందుకున్న మోటారు పావుగంట నడిచి నీటి మధ్యలో ఆగిపోయిందంటే నా అనుమానం మొదట ఇటే పోతుంది. ఈ కాయిళ్లు కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. రెండూ ఒకేసారి మార్చండి.

కొత్త కాయిల్ బిగించేటప్పుడు దాని ఇనుప రేకుల చివరలు కింది పలక (కాయిళ్లు, పాయింట్లు బిగించి ఉండే పలక) మీద చెక్కిన అంచులకు సమంగా ఉండాలి. వేలు పెట్టి రాస్తే మెట్టు తగలకూడదు. బయటకు వస్తే అయస్కాంతం రాసుకుంటుంది, లోపలికి పోతే రవ్వ తగ్గుతుంది.

ప్లగ్గు వైరు లోపల రాగి తీగలు ఉన్నదే కావాలి. ఈ కాలపు కార్లలో వాడే కార్బన్ వైరు ఇక్కడ కుదరదు. వైరును కాయిల్‌లోకి నెట్టేటప్పుడు లోపలి ముల్లు రాగి తీగల నడుమ దిగాలి. పక్కనున్న రబ్బరులోకి దిగితే పని పూర్తయినట్టే కనిపిస్తుంది, రవ్వ మాత్రం రాదు.

పాయింట్లు

పాయింట్ల ముఖాలు గుంటలు పడి ఉంటే కొత్తవి వేయండి. నల్లబడి మాత్రమే ఉంటే 400 నంబరు గరుకు కాగితాన్ని ఇరువైపులా గరుకు వచ్చేలా మడిచి, పాయింట్ల మధ్య పెట్టి, స్ప్రింగు ఒత్తిడితోనే నాలుగైదు సార్లు లాగండి. ఎక్కువ మంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కాగితం వదిలిన పొడి పాయింట్ల మధ్య మిగిలితే అది చిలుము కంటే గట్టి గోడ. అందుకని దళసరి తెల్ల కాగితపు పట్టీని ఆల్కహాల్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగండి. పట్టీ మీద బూడిదరంగు గీత పడుతుంది. పట్టీ మార్చి మళ్లీ లాగండి. గీత పడడం ఆగేదాకా ఇదే పని. ఆరేడు పట్టీలు పట్టవచ్చు. చివరి పట్టీ తెల్లగా వచ్చినప్పుడు పాయింట్లు శుభ్రమయ్యాయని నమ్మండి. పెట్టెలోంచి తీసిన కొత్త పాయింట్లకూ ఇలాగే చేయాలి, వాటి మీద తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది.

ఇక ఖాళీ. ఫ్లైవీల్ నట్టును షాఫ్ట్ మీద వేసి, దాన్ని బిగిసే దిశలో, అంటే మోటారు తిరిగే దిశలోనే, తిప్పుతూ కామ్ ఎత్తైన భాగం పాయింటు రాసే ముక్క కిందికి వచ్చేలా చేయండి. అప్పుడు పాయింట్లు పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. ఈ మోటారుకు ఖాళీ 0.020 అంగుళం, అంటే సుమారు 0.5 మిల్లీమీటరు. ఆ మందం ఉన్న ఫీలర్ గేజ్ రేకు కొంచెం రాసుకుంటూ జారాలి. కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినప్పటి పట్టు ఎంతో అంత. వదులుగా జారినా, పాయింటును నెట్టుకుంటూ పోయినా సరికాదు. స్క్రూ బిగించాక మరోసారి కొలవండి. బిగించేటప్పుడు పాయింటు జరగడం దాదాపు ప్రతిసారీ జరిగేదే.

రెండో జతను కూడా ఇదే కొలతకు పెట్టాలి. ఈ రెండు సిలిండర్లకు సరిగ్గా అరచుట్టు తేడాలో నిప్పు పడాలి. ఒక జత ఖాళీ ఎక్కువై మరొకటి తక్కువైతే ఒక సిలిండరుకు ముందు, మరొకదానికి వెనుక నిప్పు పడి మోటారు నెమ్మదిగా నడిచేటప్పుడు కుంటుతుంది. కార్బ్యురేటర్ మీద నింద పడుతుంది.

కామ్‌కు రాసుకునే మెత్తటి ఫెల్టు ముక్కకు ఒకటి రెండు చుక్కల నూనె చాలు. ఎక్కువైతే ఆ నూనె పాయింట్ల మీదికి చింది, చేసిన శ్రమంతా మళ్లీ మొదటికి వస్తుంది.

కండెన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. కెపాసిటెన్స్ (కండెన్సర్ కరెంటును నిలుపుకునే శక్తి) చూపించే మీటరు ఉంటే, కండెన్సర్‌కు ఉండాల్సిన విలువతో పోల్చుకోండి. పాయింట్ల ముఖాలు తరచుగా మాడుతుంటే మార్చేయండి. కింది పలక వైర్లను మాత్రం ఒక్కొక్కటిగా వేలితో తడమండి. ఇన్సులేషన్ పెళుసుబారి రాలుతున్న వైరు ఎక్కడో ఒకచోట లోహాన్ని తాకుతుంది, అక్కడితో నిప్పు ఆగిపోతుంది.

తిరిగి బిగించడం

షాఫ్ట్ వాలునూ ఫ్లైవీల్ లోపలి వాలునూ ఆల్కహాల్‌తో తుడిచి పొడిగా ఉంచండి. అక్కడ నూనె, గ్రీజు వద్దు. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది ఆ రెండు పొడి వాలుల పట్టే, కీ కేవలం దాని స్థానాన్ని చూపించడానికి ఉంది. వైర్లేవీ ఫ్లైవీల్ కిందికి రాకుండా చూసి, కీ గాడికి ఎదురుగా ఫ్లైవీల్ గాడి పెట్టి కూర్చోబెట్టండి. నట్టును టార్క్ రెంచితో 40 నుంచి 45 అడుగు-పౌండ్లకు బిగించండి. మీది వేరే మోటారైతే దాని సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెను వాడండి. తక్కువ బిగిస్తే నడుస్తుండగా ఫ్లైవీల్ జారి కీని కోసేస్తుంది.

ఇప్పుడు మళ్లీ మొదటి పరీక్ష. వీలైతే చీకటి పడ్డాక చేయండి. టెస్టర్ తగిలించి, 6 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టి తాడు లాగండి. చీకట్లో రవ్వతో పాటు రాకూడని చోట్ల దొంగతనంగా దూకే రవ్వలూ కనిపిస్తాయి. ప్లగ్గు వైరు పక్కన సన్నగా మిణుకుమంటే ఆ వైరు మార్చాలి. అలాంటిదేమీ లేకుండా రెండు వైర్లకూ నీలిరంగు రవ్వ ఠప్పున దూకితే ప్లగ్గుల ఖాళీని 0.030 అంగుళానికి సర్దుకుని వాటి స్థానంలో బిగించండి.

మోటారును మాత్రం ఇంకా నడపకండి. కార్బ్యురేటర్‌లో గడ్డకట్టిన పాత పెట్రోలు అలాగే ఉంది. పెట్రోలులో ఎంత నూనె కలపాలో కూడా మనం ఇంకా మాట్లాడుకోలేదు. ఆ రెండూ వచ్చే పాఠంలో. ఆలోగా ఈసారి తీసిన పాత పాయింట్లను పారేయకండి. భూతద్దంతో వాటి ముఖాలు చూడండి. ఒకదాని మీద చిన్న గుట్ట, ఎదుటి దాని మీద సరిగ్గా ఆ గుట్టకు సరిపోయే గుంట కనిపిస్తే, మీ కండెన్సర్‌ను మరోసారి పరీక్షించండి.