భుజం కీలులోకి స్కోప్ పెట్టే ముందు: లిగమెంట్ల విషయంలో జాగ్రత్తలు

భుజం ఆర్త్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే కీలు ఆపరేషన్) కొత్తగా మొదలుపెట్టిన ఆర్థో డాక్టర్ల కోసం.

• మత్తు ఎక్కాక, డ్రేప్ వేయకముందే రెండు భుజాలూ కదిపి చూడండి. బాగున్న భుజం ఎంత తిరుగుతుందో మీ చేతికి తెలిస్తేనే రెండోదాన్ని ఎంత బిగించాలో అర్థమవుతుంది.

• పదేపదే భుజం జారినవాళ్లకు సీటీ స్కాన్ చూడకుండా దిగొద్దు. గ్లీనాయిడ్ (భుజం గుంట) ఎముక బాగా అరిగిపోయి ఉంటే లిగమెంట్ ఒక్కటే కుట్టినంత మాత్రాన నిలవదు.

• షేవర్ (కణజాలం కోసి తీసే పరికరం) అందుకునే ముందు కీలంతా చుట్టి చూడండి. లిగమెంట్ గ్లీనాయిడ్ దగ్గరే ఊడాలని లేదు, హ్యూమరస్ (పై చేతి ఎముక) వైపూ ఊడుతుంది.

• నాకు అన్నిటికంటే భయం దీని గురించే. కీలు ముందువైపు పైభాగంలో ల్యాబ్రమ్ (గుంట అంచు చుట్టూ ఉండే మృదులాస్థి) లేకుండా, మధ్య లిగమెంట్ తాడులా మందంగా కనిపించిందా? అది గాయం కాదు, బ్యూఫర్డ్ కాంప్లెక్స్. పుట్టుకతో ఉన్నదే. చిరిగిందనుకుని ఎముకకు కుట్టేశారంటే ఆ మనిషి చెయ్యి బయటికి తిప్పలేక అవస్థపడతాడు. ప్రోబ్‌తో తాకి చూడండి: అంచు నున్నగా ఉందా, పీచులు లేచి ఉందా? అనుమానం తీరకపోతే కుట్టొద్దు.

• కింద, గుంటను గడియారంలా ఊహిస్తే ఆరు గంటల చోట, యాక్సిలరీ నరం క్యాప్సూల్‌కు (కీలు చుట్టూ ఉండే సంచికి) దగ్గరగా పోతుంది. అక్కడ సూది లోతుగా దించొద్దు.

• రొటేటర్ కఫ్ (భుజాన్ని తిప్పే కండరాల స్నాయువులు) కుట్టలేనంతగా చిరిగి ఉంటే, కీలు పైన ఉండే కొరాకోఅక్రోమియల్ లిగమెంట్ కోయొద్దు. హ్యూమరస్ తల ముందుకు, పైకి జారిపోకుండా ఆపుతున్నది అదే.

కీలు ముందువైపు లిగమెంట్లకు ముడి వేసేటప్పుడు చెయ్యి కొద్దిగా బయటికి తిప్పి పట్టుకోవాలని అసిస్టెంట్‌కు ముందే చెప్పి ఉంచండి.