రిపోర్టులన్నీ బాగున్నా దడ, తిమ్మిర్లు తగ్గకపోతే

రెండేళ్ల క్రితం మే నెలలో, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద బండి ఆపి ఉండగా నా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్లుంది. బండి అక్కడే వదిలేసి ఆటోలో ఆసుపత్రికి వెళ్తే, ఈసీజీ బాగానే ఉంది, టెన్షన్ పడకండి అన్నారు. ఆ మాట విని టెన్షన్ మానేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ తర్వాత ఆరు నెలల్లో మరో మూడు ఈసీజీలు, ఒక ఎకో (గుండె స్కాన్) తీయించుకున్నాను. ఒక్కో రిపోర్టు ఇచ్చిన ధైర్యం నాలుగు రోజులకు మించి నిలవలేదు. నాకున్నది గుండె జబ్బు కాదు, ఒంట్లో లక్షణాలుగా బయటపడే ఆందోళన.

మొదటిసారి వచ్చిన బాధను మాత్రం ఆందోళన అని మీరే తేల్చేసుకోవద్దు. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా ఇలాంటి దడే పుట్టిస్తాయి. ఛాతీ మీద బరువు పెట్టినట్లు నొప్పి వచ్చి దవడకో చేతికో పాకినా, దాంతో పాటు చెమటలు పట్టినా, స్పృహ తప్పినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా ఇది చదువుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరు ఒకసారి ఏమీ లేదని తేల్చాక, కొత్త లక్షణం ఏదీ లేకుండా అవే పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించుకోవడం ఆందోళన రోగంలో భాగమే.

గుండె దడ

కారణం: ప్రమాదం వచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ వదులుతుంది. అది పరుగు కోసం తయారైన గుండె వేగం, మనమేమో కుర్చీలో కూర్చుని ఉంటాం. దానికి తోడు బెజవాడ ఎండ: చెమటతో ఒంట్లో నీరు తగ్గితే గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సిందే. సాయంత్రం అయిదింటికి తాగిన టీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదింటికి కూడా రక్తంలోనే ఉంటుంది.

పరిష్కారం: టీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, రోజుకో అరకప్పు చొప్పున తగ్గించండి. నీళ్లు, పల్చటి మజ్జిగ తాగండి. అన్నిటికంటే కష్టమైనది, నాకు ఎక్కువగా పనిచేసినది ఒకటుంది: నాడి పట్టుకుని లెక్కపెట్టడం మానేయాలి. నేను ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ కూడా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకునే ఉండేవాడిని. ఆ చేతిని జేబులో పెట్టుకోవడం అలవాటయ్యేసరికి రెండు నెలలు పట్టింది. డాక్టరు సరేనన్నాక ఇంద్రకీలాద్రి మెట్లెక్కాను. గుండె దడదడలాడింది. పైన కూర్చున్నాక దానంతటదే నెమ్మదించింది. ఇలా కొన్నిసార్లు చూశాక దడ అంటే భయం పలచబడింది.

ఊపిరి చాలడం లేదు, వేళ్లూ పెదాలూ తిమ్మిరి

కారణం విచిత్రంగా ఉంటుంది. ఊపిరి తక్కువై కాదు, ఎక్కువై ఇలా అవుతుంది. గబగబా పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు సన్నబడి కళ్లు తిరుగుతాయి, వేళ్లు జివ్వుమంటాయి.

పరిష్కారం: గట్టిగా ఊపిరి పీల్చు అని పక్కవాళ్లు చెప్పే సలహా ఇక్కడ తిరగబడుతుంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు అంకెలంత సేపు వదలండి. పొట్ట కదలాలి, భుజాలు కాదు. అయిదు నిమిషాలు చాలు. బాగున్న రోజుల్లో సాధన చేస్తేనే బాగాలేని రోజు అక్కరకు వస్తుంది. ముఖానికి కవరు పెట్టుకుని పీల్చడం ప్రమాదం, వద్దు.

కడుపు, గొంతు

మన వైపు ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. "గ్యాసే నాయనా, వాము నీళ్లు తాగు" అంటుంది మా గుంటూరు అత్తయ్య. సగం నిజం ఆమెదే: మెదడుకూ పేగులకూ నరాల దారి ఉంది, భయం ఆ దారినే దిగుతుంది. అందుకే ఆఫీసుకు బయలుదేరే ముందు రెండుసార్లు మరుగుదొడ్డికి పరుగు. వేళకు తినండి, పరగడుపున టీ, ఆ వెంటనే కారపు పచ్చడి వద్దు. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా మాత్రం డాక్టరు దగ్గరికే. గొంతులో ఏదో ముద్ద ఉన్నట్లు అనిపించి, అది అన్నం తినేటప్పుడు మాయమై, ఉమ్మి మింగినప్పుడే తెలుస్తుంటే సాధారణంగా కండరాల బిగుతే. ఊరికే మింగి మింగి పరీక్షించుకోకండి. అన్నమే అడ్డుపడుతుంటే చూపించుకోవాలి.

మెడ, దవడ బిగుతు, తెల్లవారుజామున మెలకువ

ఒక్కో కండరాన్ని అయిదు సెకన్లు బిగించి వదిలేయండి. రాత్రి మెలకువ వస్తే గడియారం చూడకండి.

ఇవేవీ చాలకపోతే

నెలల తరబడి సాగుతుంటే మానసిక వైద్యుణ్ని కలవండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మానసిక వైద్యులు రాసే మందులు చాలావరకు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మూడో రోజే ఆపేయకండి. దుకాణంలో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం అనే ఆందోళన మాత్ర వెంటనే హాయినిస్తుంది, అలవాటై కూర్చుంటుంది.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టుల ఫైలు పట్టుకెళ్లండి, అవే పరీక్షలు మళ్లీ రాయకుండా ఉంటారు. ఈసీజీలకు ముందే జిరాక్సులు తీయించండి. బండి డిక్కీలో ఎండకు మగ్గిన నా ఈసీజీ కాగితాల్లో రెండు, డాక్టరు విప్పి చూసేసరికి తెల్లబడిపోయి ఉన్నాయి.